ఐదో వారంలో రాసిన ఉత్తరం

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా నుంచి ఇంగ్లండ్ వచ్చి రెడింగ్‌లో స్థిరపడిన కుటుంబం. నేను ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెంచి, జర్మన్ భాషలతో రెండో సంవత్సరం చదువుతున్నాను. జర్మన్ ఇక్కడికి వచ్చాకే మొదలుపెట్టాను. మిగతావాళ్లు స్కూల్లో ఏళ్ల తరబడి చదివినవాళ్లు. ‘నాన్నతో’ అనడానికి ‘మిట్ డెర్ ఫాటర్’ అని రాస్తే, ట్యూటర్ ‘డెర్’ కొట్టేసి ‘డెమ్’ అని రాసి రెండు గీతలు గీశారు. ఇది టర్మ్‌లో ఐదో వారం. ట్యుటోరియల్ (ట్యూటర్ ఒకరిద్దరు విద్యార్థులతో కూర్చుని వాళ్ల రాతను చర్చించే క్లాసు) ముందు రాత్రి నిద్ర పట్టడం లేదు. నాన్నగారు ఎకనామిక్స్‌కు మారమంటున్నారు, వచ్చే ఏడాది జర్మనీలో ఒంటరిగా ఉండటానికి ససేమిరా అంటున్నారు. ఇంట్లో మాత్రం అంతా బాగుందని చెబుతున్నాను. చదువు మానేయాలా? అమ్మమ్మ వీడియో కాల్‌లో నేర్పిన తెలుగుతో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

జవాబు: మీరు పంపిన ఉత్తరం ఫొటోలో ‘కళ’ అని రాయాల్సిన చోట ‘కల’ అని రాసి, కొట్టేసి, పైన సరిచేశారు. ఎవరూ చెప్పకుండా తన తప్పు తానే పట్టుకున్న మనిషికి భాష అబ్బదంటే నేను ఒప్పుకోలేను.

ఎనిమిది వారాల్లో వారం వారం వ్యాసాలూ అనువాదాలూ ముగించాల్సిన ఆ టర్మ్‌లో ఐదో వారపు దిగులు ఎంత మామూలంటే, అక్కడి విద్యార్థులు దానికొక పేరే పెట్టుకున్నారు. ఆ వారంలో మానేసే నిర్ణయం తీసుకోకండి. మీరు ప్రిలిమ్స్, అంటే మొదటి ఏడాది పరీక్షలు, గట్టెక్కారు. డిగ్రీని ప్రధానంగా తేల్చేది నాలుగో ఏడాది చివరి పరీక్షలు కాబట్టి, ఇప్పటి ఎర్ర సిరాను ఎవరూ మీ ఖాతాలో రాయడం లేదు. మీరు తడబడ్డ ‘డెమ్’ కూడా మనకు కొత్తది కాదు, అది విభక్తి. తెలుగులో ‘నాన్న’ చివర ‘తో’ చేరుతుంది, జర్మన్‌లో ముందున్న చిన్న మాట రూపం మార్చుకుంటుంది. ఆ భాష ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోవడం మీ ఇంగ్లిషు స్నేహితులకు వింతేమో గానీ, ఇంట్లో రోజూ క్రియతో వాక్యం ముగించే మీకు కాకూడదు. వచ్చే ట్యుటోరియల్‌లో ‘నేను పనికిరానా’ అని కాకుండా, ‘నా రాతలో పదేపదే వచ్చే తప్పులు ఏవి’ అని అడగండి.

ఇక నాన్నగారి విషయం. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క ఎకనామిక్స్‌తోనే బీఏ లేదు. తత్వశాస్త్రం, రాజనీతితోనో, మేనేజ్‌మెంట్‌తోనో, చరిత్రతోనో కలిపే చదవాలి. పైగా కోర్సు మార్పు అడగ్గానే దొరికేది కాదు. విదేశంలో గడిపే మూడో సంవత్సరం మీ కోర్సులో భాగమే గాని విహారయాత్ర కాదు. హౌస్ సర్జన్‌గా పనిచేయకుండా ఎంబీబీఎస్ పట్టా రాదన్న పోలిక చెబితే ఆయనకు వెంటనే అర్థమవుతుంది. ఏడాదంతా విదేశంలో ఉంటే, ఇంగ్లండ్‌లో హోమ్ ఫీజు (స్థానిక విద్యార్థుల ఫీజు) కట్టే విద్యార్థికి ఆ ఏటి ట్యూషన్ ఫీజు పూర్తి ఫీజులో 15 శాతానికి మించదు. బ్రిటిష్ కౌన్సిల్ ద్వారా జర్మనీ బడిలో ఇంగ్లిషు సహాయకురాలిగా చేరితే జీతమూ వస్తుంది. మీది బ్రిటిష్ పాస్‌పోర్టయినా 90 రోజులు దాటి ఉండాలంటే నివాస అనుమతి కావాలి కాబట్టి, ఆ కాగితాల పని ముందే మొదలుపెట్టాలి. ఆ పనిలో ఆయననే తోడు రమ్మనండి. కూతురు ఎక్కడ ఉంటుందో, ఎవరి కింద పనిచేస్తుందో కాగితం మీద చూసిన తండ్రికి సగం భయం తగ్గుతుంది.

అయితే ఇవేవీ ఫోన్‌లో చెప్పకండి. రెడింగ్‌కు రైలులో అరగంట ప్రయాణం. ఈ శనివారం వెళ్లి, భోజనాలయ్యాక ఆ ఎర్ర సిరా కాగితాన్నే ఆయన ముందు పెట్టి, ‘కష్టంగా ఉంది నాన్నా, ఇన్నాళ్లూ బాగుందని అబద్ధం చెప్పాను, కానీ మానాలని లేదు’ అనండి, నిజంగా మీ మనసులో మానాలని లేకపోతేనే సుమా. ఆయన కోప్పడవచ్చు. మీ మార్కుల కంటే మీరు దాచినందుకే ఎక్కువ కోప్పడతారని నా అనుమానం. ఆ కోపం న్యాయమైనదే, కాసేపు భరించండి.

నిద్రలేమి మరో రెండు వారాలు సాగితే డాక్టరును కలవండి. యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు ఫీజు లేదు, అక్కడికి వెళ్లినట్టు ఇంటికి తెలియజేయరు.

డిసెంబరు సెలవుల్లో కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాక కూడా మానేయాలనే అనిపిస్తే మళ్లీ రాయండి. అది వేరే ప్రశ్న అవుతుంది. దాన్ని అప్పుడు విడిగా ఆలోచిద్దాం.