ట్యాంకు మూత చుట్టూ రంగు ఊడితే వారంటీ వర్తించదా?

ప్రశ్న: మోటార్‌సైకిల్ కొని పది నెలలైంది. పెట్రోలు ట్యాంకు మూత చుట్టూ రంగు మొదట పొక్కులు లేచి, ఇప్పుడు పెచ్చులుగా ఊడుతోంది. కింద తుప్పు కనిపిస్తోంది. పెట్రోలు ఒలకడం వల్లే ఇలా అయిందని, దానికి వారంటీ వర్తించదని డీలరు నోటిమాటగా చెప్పారు. బయట రంగు వేయించుకుంటే నా హక్కు పోతుందా?

జవాబు: ఆ పొక్కులే మీ ప్రధాన సాక్ష్యం కాబట్టి, వాటిని ఇప్పుడే గీకించకండి. తేదీ తెలిసేలా దగ్గరనుంచి ఫొటోలు తీసుకుని, బండిని మళ్లీ డీలరు వద్దకు తీసుకెళ్లి, ఫిర్యాదును జాబ్ కార్డులో రాయించండి. నిరాకరణను కూడా రాతపూర్వకంగానే అడగండి.

డీలరు చెప్పిన కారణాన్ని యథాతథంగా ఒప్పుకోనక్కరలేదు. రంగుపై వేసే క్లియర్ కోట్ సరిగా గట్టిపడి ఉంటే, అప్పుడప్పుడు పడి వెంటనే తుడిచేసిన పెట్రోలు చుక్కలను అది తట్టుకోవాలి. మూత బిగించే అంచు దగ్గర, స్క్రూల రంధ్రాల చుట్టూ ఆ పూత పలచబడినా, గట్టిపడకపోయినా, పెట్రోలు అడుగుకు చేరి రంగును లోహం నుంచి విడదీస్తుంది. అందులో కలిసే ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉండటం తుప్పుకు తోడవుతుంది. పెట్రోలు పోయడానికే ఉన్న చోట పెట్రోలు పడటాన్ని తయారీదారు ముందే ఊహించి తీరాలి. అక్కడి పూత దాన్ని తట్టుకోలేకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) చెప్పే ‘లోపం’ కిందికే వస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

అయితే మీరు తరచూ పొంగేదాకా నింపించి తుడవకుండా వదిలేసి ఉన్నా, మూత కింది రబ్బరు వాషరు పాడైనా మార్చకుండా తిప్పి ఉన్నా, అవతలి పక్షం వాదన బలపడుతుంది. సేవాలోపాన్ని నిరూపించే భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. వస్తువులోని లోపం విషయంలోనూ ఆ సన్నద్ధతతోనే వెళ్లాలి. పరీక్ష లేకుండా లోపం తేలని పక్షంలో వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం అదే చట్టంలోని సెక్షన్ 38 కింద, ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషన్‌కు ఉంది. వారంటీ పుస్తకంలో రంగు గురించిన షరతును కూడా అక్షరం వదలకుండా చదవండి.

తర్వాత డీలరుకూ తయారీ సంస్థకూ కలిపి నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో ట్యాంకును బాగుచేయడమో మార్చడమో చేయాలని, లేకుంటే తుప్పు ముదరకుండా మీ ఖర్చుతో బాగుచేయించుకుని ఆ మొత్తాన్ని రాబట్టుకుంటారని అందులో రాయండి. ఇలా ముందే తెలియజేసి, పాత స్థితిని ఫొటోలతోనూ, వీలైతే అనుభవమున్న మెకానిక్ రాసిచ్చిన నివేదికతోనూ భద్రపరచి చేయించుకున్న మరమ్మతు వల్ల మీ హక్కు పోదు. ప్రయోగశాల పరీక్ష కోరదలిస్తే మాత్రం అది అయ్యేదాకా ఆగడమే మేలు.

చాలామంది ఆ చట్టంలోని ‘ఉత్పత్తి బాధ్యత’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) సెక్షన్ల కింద దావా వేయబోతారు. ఆ సెక్షన్లకు వర్తించే ‘హాని’ నిర్వచనంలోంచి, వస్తువుకే జరిగిన నష్టాన్ని సెక్షన్ 2(22) మినహాయించింది కనుక అది మీకు పనికిరాదు. లోపం, సేవాలోపం అన్న ఆధారాలపైనే ఫిర్యాదు చేసి, లోపాన్ని సరిచేయడం, వస్తువు మార్పిడి, పరిహారం వంటి సెక్షన్ 39 ఉపశమనాలు కోరండి. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) ఏర్పడిన నాటినుంచి రెండేళ్లలోపు రావాలి.

బయట రంగు వేయించాల్సి వస్తే, తుప్పు పూర్తిగా పోయేలా లోహం వరకు రుద్ది, ఎపాక్సీ ప్రైమర్, రంగు, ఆపైన హార్డ్‌నర్ కలిపే రెండు భాగాల క్లియర్ కోట్ వేస్తామని పెయింటరు చేత రాయించుకోండి. సాధారణ స్ప్రే డబ్బాల పూత పెట్రోలుకు కరిగిపోతుంది. పూత తయారీదారు చెప్పిన గడువు దాటేవరకు దానిపై పెట్రోలు పడనివ్వకండి. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిప్పురవ్వకే పేలగలదు కాబట్టి, ట్యాంకును శుభ్రం చేసి ఆవిరి పోగొట్టే బాధ్యత ఎవరిదో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. పని కోసం అప్పగించిన వస్తువును వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత శ్రద్ధతో చూసుకోవాలని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 151 నిర్దేశిస్తోంది. ఆ శ్రద్ధ లోపించి ట్యాంకు దెబ్బతింటే పెయింటరు నుంచీ నష్టపరిహారం కోరవచ్చు.