కత్తిరించడం కంటే విప్పడమే కష్టం: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రమా,

బాక్టీరియాలో ప్రొటీన్లను విప్పి ముక్కలు చేసే యంత్రం క్లిప్-ఎక్స్‌పీ (విప్పే క్లిప్-ఎక్స్, తెంపే క్లిప్-పి కలిసినది) మీద మీరు రాసిన చిత్తుప్రతి చదివాను. ముందుగా ఒక వాక్యం కొట్టేయండి: "ఏటీపీ శక్తితో ఈ యంత్రం ప్రొటీన్లను కత్తిరిస్తుంది." కత్తిరించడానికి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) అక్కర్లేదు. క్లిప్-పి ఒక్కటే ఉన్నా చిన్న పెప్టైడ్లను ఏటీపీ లేకుండానే తెంపుతుంది. ఖర్చంతా ప్రొటీన్ మడత విప్పడానికీ, విప్పిన గొలుసును లోపలికి లాగడానికీ అవుతుంది. ఈ లెక్క తప్పినందువల్లే మీ మూడు పేరాలూ పక్కదారి పట్టాయి.

నిర్మాణాన్ని అలంకారంలా కాక, కారణంలా రాయండి. క్లిప్-పిలో ఏడేసి సబ్‌యూనిట్ల వలయాలు రెండు ఎదురెదురుగా అతుక్కుని గదిలా ఏర్పడతాయి. పద్నాలుగు క్రియాశీల స్థానాలూ గది లోపలే ఉంటాయి. ఒక్కోదానిలో సెరీన్, హిస్టిడిన్, ఆస్పార్టేట్ కలిసి పనిచేస్తాయి. గది వెడల్పు సుమారు 5 నానోమీటర్లు, వాకిలి సుమారు 1 నానోమీటరు. మడతపడిన ప్రొటీన్ అందులో దూరలేదు. కణంలోని మిగతా ప్రొటీన్లు బతికి ఉండేది అందుకే. పాఠకుడికి చెప్పాల్సిన అసలు మాట ఇదే. మీరేమో దాన్ని చిత్రం కింద వివరణలో దాచేశారు.

క్లిప్-ఎక్స్ వలయంలో సబ్‌యూనిట్లు ఆరే. ఆరు, ఏడుతో ఎలా జతపడతాయి? క్లిప్-ఎక్స్ నుంచి వంగే గుణమున్న ఆరు లూపులు బయటికొచ్చి, క్లిప్-పి అంచున ఉన్న ఏడు గుంటల్లో ఆరింటిలో కూర్చుంటాయి. ఒక గుంట ఖాళీగా మిగులుతుంది. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది, కానీ దాటేయకండి. 2005లో వెలుగులోకి వచ్చిన ఎసైల్‌డెప్సిపెప్టైడ్ యాంటీబయాటిక్‌లు పట్టుకునేదీ ఈ గుంటలనే. అవి అక్కడ చేరగానే క్లిప్-పి వాకిలి తెరుచుకుంటుంది, క్లిప్-ఎక్స్‌కు చోటు ఉండదు. ఇక అదుపు లేని క్లిప్-పి బాక్టీరియా సొంత ప్రొటీన్లనే తినేస్తుంది.

ఏ ప్రొటీన్‌ను పట్టాలో క్లిప్-ఎక్స్ ఎలా గుర్తిస్తుందన్న భాగం మీరు బాగానే రాశారు. రెండు మాటలు చేర్చండి చాలు. ఈ-కోలై బాక్టీరియాలో ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ మధ్యలో ఆగిపోతే, సగం తయారైన ప్రొటీన్ చివర 11 అమైనో ఆమ్లాల ఎస్‌ఎస్‌ఆర్‌ఏ తోక అతుకుతుంది. క్లిప్-ఎక్స్ చూసేది దాని కొసన ఉన్న ల్యూసిన్-అలనిన్-అలనిన్‌ను. చివరి రెండు అలనిన్ల స్థానంలో ఆస్పార్టేట్‌లు పెడితే ఆ పట్టు దాదాపు పోతుంది.

ఇప్పుడు మీరు భయపడి దాటేసిన చోటుకు వద్దాం. మీ వ్యాసంలో యంత్రం లాగుతుంది, ప్రొటీన్ విప్పుకుంటుంది. అంత సాఫీగా జరగదు. క్లిప్-ఎక్స్ రంధ్రంలోని లూపులు, ముఖ్యంగా వాటి టైరోసిన్లు, గొలుసును పట్టి లాగుతాయి. గట్టి మడత ఎదురైతే చాలాసార్లు ఏటీపీ ఖర్చవుతుంది, మడత మాత్రం చెక్కుచెదరదు. మళ్లీ లాగుతుంది, మళ్లీ విఫలమవుతుంది. కండరాల ప్రొటీన్ టైటిన్‌లోని ఒక గట్టి డొమైన్‌ను (విడిగా మడతపడే భాగాన్ని) పూర్తిగా ముగించడానికి వందల ఏటీపీలు పడతాయి. అదే డొమైన్‌ మడతను ముందే రసాయనికంగా చెడగొట్టి ఇస్తే చాలా తక్కువతో పని అయిపోతుంది. అంటే ఖర్చులో పెద్ద భాగం విఫల ప్రయత్నాలదే. ప్రొటీన్ మొత్తం ఎంత స్థిరమైనది అన్నదాని కంటే, తోక పక్కనే ఉన్న భాగం ఎంత బిగుతుగా ఉంది అన్నదే ఎక్కువగా తేలుస్తుంది.

పచ్చగా వెలిగే ప్రొటీన్ జీఎఫ్‌పీ ఉదాహరణతో దీన్ని చూపించండి. అది పదకొండు బీటా పోగులు చుట్టుకున్న పీపా. తోక పట్టి లాగితే మొదట పదకొండో పోగు ఊడొస్తుంది. ఏటీపీ సమృద్ధిగా ఉంటే లాగుడు ఆగకుండా సాగి మిగతా పీపా కూలుతుంది. ఏటీపీ తక్కువైతే తదుపరి లాగు పడేలోపే ఆ పోగు తిరిగి తన చోట కూర్చుంటుంది. వేగమే ఫలితాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకడం కష్టం.

ఇంకో వైఫల్యం కూడా చెప్పండి: గట్టి డొమైన్‌కు ముందు గ్లైసిన్లు వరసగా ఉంటే లూపులకు పట్టేందుకు ఏమీ ఉండదు, గొలుసు జారుతుంది. అప్పుడు సగం తిన్న ప్రొటీన్ బయటికి వచ్చేయవచ్చు.

ప్రయోగం వర్ణించేటప్పుడు కంట్రోళ్లు (పోలిక కోసం చేసే పరీక్షలు) వదిలేయకండి. జీఎఫ్‌పీ వెలుగు తగ్గడమే కొలత. ఏటీపీ లేకపోతే తగ్గదు. క్లిప్-పి లేకపోతే, క్లిప్-ఎక్స్ విప్పిన జీఎఫ్‌పీ మళ్లీ మడతపడి వెలుగుతుంది. కాబట్టి "వెలుగు తగ్గలేదు" అంటే "విప్పడం జరగలేదు" అని కాదు. ఏటీపీని తిరిగి తయారుచేసే క్రియాటిన్ కైనేజ్, క్రియాటిన్ ఫాస్ఫేట్ ఎందుకు కలుపుతారో ఒక్క వాక్యంలో చెప్పండి: ఏటీపీ ఖర్చయ్యాక మిగిలి పోగయ్యే ఏడీపీ యంత్రాన్ని అడ్డుకుంటుంది. గాఢత రాసేటప్పుడు వలయాల లెక్కో, విడి సబ్‌యూనిట్ల లెక్కో తప్పక పేర్కొనండి. 0.3 మైక్రోమోలార్ క్లిప్-ఎక్స్ వలయాలంటే విడి సబ్‌యూనిట్లుగా 1.8. ఆరింతల తేడా ఇక్కడే దొర్లుతుంది, చదివేవాళ్లకు పట్టుకోవడం కూడా కష్టం.

లేజర్ ట్వీజర్లతో (కాంతి పుంజంతో ఒక్కో అణువును పట్టి లాగే పరికరంతో) కొలిచిన సంఖ్యలు వాడుకోవచ్చు. అడుగు కనీసం 1 నానోమీటరు, ఒక్కోసారి అంతకు కొన్ని రెట్లు. దాదాపు 20 పికోన్యూటన్ల ఎదురుబలం దగ్గర యంత్రం ఆగిపోతుంది. అయితే 2020లో వచ్చిన క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే పద్ధతి) చిత్రాల్లో లూపులు మెలికల మెట్లలా కనిపించాయి. వాటిని బట్టి కొందరు ఒక ఏటీపీకి రెండు అమైనో ఆమ్లాలు చొప్పున, సబ్‌యూనిట్లు వరసగా పనిచేస్తాయంటారు. ట్వీజర్ల కొలతలు అంతకంటే పెద్ద అడుగులు చూపిస్తాయి. మీరు ఆ రెండు అమైనో ఆమ్లాల వాదమే తేలిపోయినట్టు రాశారు. రెండు వాదాలనూ, ఒక్కోటి ఏ పద్ధతి నుంచి వచ్చిందో చెబుతూ రాయండి.

చివరి పేరాలో క్లిప్-బిని కూడా ప్రొటీన్లను ధ్వంసం చేసే జాబితాలో చేర్చారు. తీసేయండి. క్లిప్-పితో జతపడే లూపులు దానికి లేవు. అది గుట్టగా పేరుకున్న ప్రొటీన్లను విడదీసి, మళ్లీ మడతపడే అవకాశం ఇస్తుంది. దాని చోట ప్రొటీన్లను నిజంగా ముక్కలు చేసే లాన్‌నో, ఎఫ్‌టీఎస్‌హెచ్‌నో పెట్టండి. రెండోది కణపు పొరలో కూర్చుని పనిచేస్తుంది, గట్టి మడతలు విప్పడంలో బలహీనం. మీ వాదనకు అది బాగా పనికొస్తుంది.

తిరగరాసేటప్పుడు జీఎఫ్‌పీ పేరాతో మొదలుపెట్టి పంపండి.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి