ఆరు నెలల ల్యాబ్ కోర్సుకు ఫీజు కట్టకండి

అక్కా, ఇంటర్ బైపీసీ అయిన మీ అమ్మాయిని మిర్యాలగూడలో ఆరు నెలల ల్యాబ్ కోర్సులో చేర్చాలా అని అడిగారు. వద్దు. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు తెలంగాణ పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, ఆ సర్టిఫికెట్‌తో అది రాదు. రెండేళ్ల డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చేయించండి. నల్గొండ, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, ముందు అక్కడ సీట్ల సంగతి కనుక్కోండి.

ప్రైవేటు కాలేజీ అయితే ఒక్కటే అడగండి: రోజూ పేషెంట్ల రక్తం తీయనిస్తారా? అసలు చదువు అక్కడే. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ అనే రసాయనం ఎర్ర మూత ట్యూబులో కలిస్తే, పరీక్షలో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా చూపిస్తుంది. లేని జబ్బుకు డాక్టర్ మందు రాసే ప్రమాదం ఉంది! రక్తం ఏ ట్యూబులో ముందు, ఏ ట్యూబులో తర్వాత నింపాలన్నది చేతికి అలవాటు కావాలంటే రద్దీ ఉన్న ఆసుపత్రిలోనే నేర్చుకోవాలి.

అమ్మాయికి సూదంటే భయమని టెన్షన్ పడకండి, చేస్తూ ఉంటే పోతుంది. కాలేజీ పేరు బోర్డు జాబితాలో చూశాకే ఫీజు కట్టండి.