ఎండాకాలం జుట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండు నెలల నుంచి పొద్దంతా ఎండలోనే ఉంటున్నా. మొదట మిరప కల్లం, ఇప్పుడు యాసంగి వడ్ల కల్లం. జుట్టు పైపైన ఎర్రబడింది, కొసలు చీలి గడ్డిలాగ అయింది. పొద్దున్నే తలకు నిండుగ నూనె పెట్టుకొనే పోతున్నా. అయినా ఎందుకిట్లయితుంది?
– ఓ సోదరి, దేవరకొండ

జవాబు: ఒక్క వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండమ్మా. కుదురు దగ్గర నల్లగా, నున్నగా ఉంటుంది. కొసకు పోయేకొద్దీ రంగు వెలిసి, వేలికి గరుకు తగులుతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 40 సెంటీమీటర్ల జడలో కొస భాగం పుట్టి మూడేళ్లు దాటింది. అది ఈ ఒక్క ఎండాకాలాన్నే కాదు, మూడు ఎండాకాలాలను మోసింది.

వెంట్రుక పైపొర ఇంటికప్పు మీది గూనపెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పెంకులను లేపుతాయి, లోపలి ప్రోటీన్ బంధాలను తెంచుతాయి, నలుపునిచ్చే మెలనిన్‌ను వెలిసేలా చేస్తాయి. ఎర్రబడటం అందువల్లే. చర్మం కాలితే కొత్త చర్మం వస్తుంది గానీ, తల బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు కాబట్టి అది తనను తాను బాగు చేసుకోలేదు. చీలిన కొసను ఏ నూనే అతికించలేదు. చీలిక పైన ఒక అర అంగుళం కలిపి కత్తిరించండి. వదిలేస్తే పైకి ఇంకా చీలుతూ పోతుంది.

నూనె విషయంలో చిన్న మార్పు చేయాలి. నిండుగా నూనె పెట్టుకొని కల్లానికి పోతే వడ్ల పొట్టు, దుమ్ము జుట్టుకు పట్టేస్తాయి. దువ్వినప్పుడు ఆ దుమ్మే గరుకు కాగితంలా పైపొరను గీకుతుంది. పైగా ఆ నూనె ఎండ కిరణాలను పెద్దగా ఆపదు. అందుకే నూనె తలస్నానం ముందు రాత్రి పెట్టండి. నడుము దాకా ఉన్న జుట్టుకు మూడు చెంచాల కొబ్బరినూనె చాలు, భుజాల దాకా ఉంటే ఒకటిన్నర. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుంది, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. ఆముదం ఇష్టమైతే మూడు వంతుల కొబ్బరినూనెలో ఒక వంతు కలపండి. ఒట్టి ఆముదం చిక్కగా ఉండి జుట్టును చిక్కులు పడేస్తుంది.

ఎండను ఆపేది గుడ్డే. జడ అల్లి, కొప్పు చుట్టి, పైన మందపు నూలు తువ్వాల కట్టండి. గుడ్డను సూర్యుడి వైపు పట్టి చూస్తే వెలుతురు చుక్కలుగా కనిపిస్తుంటే అది పలచన. రెండు మడతలు వేయండి. తడి తువ్వాల కట్టుకుంటే చల్లగా ఉంటుందని చాలామంది అదే చేస్తారు. వడదెబ్బకు మంచిదే, కానీ జుట్టు గంటల తరబడి తడిసి ఉంటే పురి వదిలి తేలిగ్గా తెగుతుంది. తడి గుడ్డ మెడకు చుట్టుకోండి, తలకు పొడిది కట్టండి. పొద్దుమూకి ఇంటికి రాగానే దువ్వెన పెట్టొద్దు. ముందు జుట్టు విప్పి దులపండి. తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రండి.

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర పల్లె. తలస్నానానికి బోరు నీళ్లే దిక్కు. ఎంత రుద్దినా నురగ రాదు, ఆరినంక జుట్టు కొబ్బరిపీచులాగ అవుతుంది. ఫ్లోరైడ్ వల్లనేనా? నీళ్లల్ల పటిక వేస్తే మంచిగైతయని చెప్పారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు

జవాబు: మన జిల్లా పేరు వినగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, ఆ బాధ చిన్నది కాదు. కానీ ఫ్లోరైడ్ దెబ్బ తీసేది పళ్లను, ఎముకలను. నురగ రాకపోవడానికి కారణం వేరు: నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లనే కఠినజలం, మాటవరసకు ఉప్పునీళ్లు అంటాం. ఫ్లోరైడ్, ఈ లవణాలు రెండూ ఒకే బోరులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తెల్ల గాజుసీసాలో పావు లీటరు బోరు నీళ్లు పోసి, ఒంటిసబ్బు తురుము చిటికెడు వేసి, మూత బిగించి పదిసార్లు గట్టిగా ఊపండి. నురగ నిలిచి కింద నీళ్లు తేటగా ఉంటే మంచినీళ్లే. నురగ అణిగి, విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలితే కఠినజలం. ఆ తెట్టే మీ జుట్టుకు పడుతోంది. దువ్వెన పళ్ల మధ్య తెల్లటి జిడ్డు చేరుతుంటే అది చుండ్రు అనుకోకండి. చాలాసార్లు అది సబ్బు తెట్టే.

పటిక వల్ల ఉపయోగం లేదు. అది బురదను అడుగుకు దించుతుంది గానీ కరిగిన లవణాలను తీయలేదు. మరిగిస్తే కొంత ఫలితం ఉంటుంది. పది నిమిషాలు తెర్లనిచ్చి రాత్రంతా కదపకుండా ఉంచితే బైకార్బొనేట్ లవణాలు తెల్లటి సుద్దలా అడుగున పేరుకుంటాయి. పై నీళ్లు మాత్రం వంపుకోవాలి. మరిగించినా సీసా పరీక్షలో తెట్టు వస్తే అవి సల్ఫేట్, క్లోరైడ్ లవణాలు. మంటకు లొంగవు. అప్పుడు గ్యాసు దండగ.

తేలికైన పద్ధతి ఇది. జుట్టు తడపడం, రుద్దడం బోరు నీళ్లతోనే కానివ్వండి. చివరి కడుగుడుకు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లు నాలుగైదు చెంబులు పక్కన పెట్టుకోండి. జుట్టు మీద ఆరిపోయి మిగిలేది చివరి నీళ్లలోని లవణాలే కదా. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే దాని పక్క గొట్టం నుంచి పడే నీళ్లను కొందరు తలస్నానానికి వాడుతున్నారు. ఆ పని అస్సలు చేయొద్దు. వడపోతలో తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, అవి బోరు నీళ్లకన్నా కఠినం.

ఒంటిసబ్బు, బట్టల సబ్బు తలకు మానేయండి. షాంపూ గానీ కుంకుడుకాయ గానీ వాడండి. కుంకుడు నురగ సపోనిన్ వల్ల వస్తుంది, అది ఈ లవణాలకు సబ్బులా విరిగి తెట్టు కట్టదు. మన పెద్దలు చేదబావి ఉప్పునీళ్లతో కూడా కుంకుళ్లతో తలంటుకున్నారంటే గుట్టు ఇదే. పొడుగు జుట్టుకు పది, పన్నెండు కాయలు కొట్టి, గింజలు తీసేసి, అర లీటరు వేడినీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డతో వడకట్టండి. వడకట్టకపోతే పొట్టు కురుల్లో ఇరుక్కుంటుంది. కుంకుడు నూనెను గట్టిగానే తీసేస్తుంది కాబట్టి వారానికి ఒకసారి చాలు. పిడికెడు మందారాకు నూరి ఆ రసంలో కలిపితే జారుడు వచ్చి చిక్కు తక్కువ పడుతుంది.

ఇప్పటికే పట్టిన తెట్టుకు: లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి, కడిగిన జుట్టు మీద పోసి, రెండు నిమిషాలు ఆగి మంచినీళ్లతో కడగండి. పదిహేను రోజులకు ఒకసారి. నిమ్మకాయ కూడా పని చేస్తుంది గానీ ఈ కాలంలో దాని జోలికి పోకపోవడమే మేలు. నిమ్మరసం చర్మం మీద మిగిలి ఎండ తగిలితే నుదురు, మెడ బొబ్బలెక్కి నల్ల మచ్చలు పడతాయి.

ఇంకొక్క మాట. మే నెల మధ్యాహ్నం మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. వాటితో తలస్నానం చేస్తే మాడు మీది సహజమైన నూనె మొత్తం పోయి దురద మొదలవుతుంది. రాత్రే బకెట్లకు పట్టి పెట్టుకొని, పొద్దున ఎండ ముదరకముందే తలస్నానం కానివ్వండి.

ప్రశ్న: రోజూ జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు బండి మీద పోయివస్తా. హెల్మెట్ వల్ల చెమట, దురద, చుండ్రు. హెల్మెట్‌తో బట్టతల వస్తుందంటే భయంగా ఉంది.
– ఓ ఉద్యోగి

జవాబు: హెల్మెట్ బట్టతల తేదు, దాన్ని మాత్రం వదలొద్దు. తడి తల మీద పెట్టడం, వదులుగా పెట్టడం వల్ల రాపిడికి వెంట్రుకలు తెగుతాయి. తల ఆరాక లోపల పలచటి నూలు రుమాలు కట్టుకోండి, మూడు రుమాళ్లు పెట్టుకొని రోజుకొకటి ఉతకండి. హెల్మెట్ లోపలి మెత్త విప్పే వీలుంటే వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. చుండ్రు తగ్గేదాకా తలకు నూనె ఆపేయండి. చుండ్రు పెంచే ఫంగస్‌కు ఆ నూనే తిండి. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, మాడుకు పట్టించి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాల్లో తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించాలి.

ప్రశ్న: పెళ్లిళ్ల సీజన్ కదా, తలస్నానం కాగానే స్ట్రెయిటనర్ పెడుతున్నా. సుయ్‌మని శబ్దం, ఆవిరి వస్తున్నాయి. ఇప్పుడు వెంట్రుకల మీద తెల్ల చుక్కలు కనిపించి అక్కడే తెగుతున్నాయి.
– డిగ్రీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: ఆ సుయ్‌మనే శబ్దం వెంట్రుకలో నీళ్లు మరిగే శబ్దమమ్మా. తడి వెంట్రుకను వేడి పలకల మధ్య నొక్కితే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక బుడగలు కడుతుంది. తెల్ల చుక్కలు ఆ బుడగలు పగిలిన చోట్లే. అక్కడి నుంచి కత్తిరించడం తప్ప దారి లేదు.

పూర్తిగా ఆరాకే, అంటే కుదుళ్లలో చెయ్యి పెట్టినా చల్లగా తగలనప్పుడే పెట్టండి. సన్నటి జుట్టుకు 150 డిగ్రీలు, మందమైనదానికి 180 మించొద్దు. డిగ్రీలు చూపించని మిషన్ చవకగా వచ్చినా వద్దు. అంగుళం వెడల్పు పాయ తీసి, ఆపకుండా ఒక్కసారే లాగండి. ఒకే చోట నిలిపితే మాడుతుంది. నూనె రాసిన జుట్టుకు వేడి పెట్టకండి. డ్రయ్యర్ అయితే జానెడు దూరంలో, కదుపుతూ. వరుసగా పెళ్లిళ్లుంటే ఒకదానికి స్ట్రెయిటనర్, మిగతావాటికి జడ, పూలు. ఎండకు ఇప్పటికే ఎండిన జుట్టు రోజూ ఈ వేడిని తట్టుకోలేదు.

ప్రశ్న: మా బాబుకు నాలుగేండ్లు. తలలో సెగ్గడ్డలు లేచినయి. మామిడిపండ్ల వేడి అంటున్నరు. గుండు చేయిస్తే తగ్గి, జుట్టు కూడా ఒత్తుగ వస్తదంట?
– ఓ తల్లి, గద్వాల

జవాబు: మామిడిపండ్లు కారణం కాదు, పెట్టండి. చెమటకు నానిన మాడును పిల్లవాడు గోళ్లతో గీరినప్పుడు బ్యాక్టీరియా కుదుళ్లలోకి దిగి గడ్డ కడుతుంది. ముందు పేలు ఉన్నాయేమో చూడండి, గీరుడుకు మూలం చాలాసార్లు అవే. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున కాపడం పెట్టండి. పిసకొద్దు. సున్నం, జిల్లేడు పాలు పూయొద్దు. తువ్వాల, దిండు గలీబు విడిగా ఉంచి వేడినీళ్లలో ఉతకండి.

గడ్డల మీద గుండు వద్దు. మంగలికత్తి చీమును మిగతా తలకంతా పాకిస్తుంది. కత్తెరతో పొట్టిగా కత్తిరించండి, చాలు. గుండు చేస్తే ఒత్తుగా వస్తుందనేది భ్రమే. కుదుళ్ల సంఖ్య మారదు. కోసిన కొస మొద్దుగా ఉండటంతో చేతికి అలా తగులుతుంది.

జ్వరం వచ్చినా, మెడ వెనుక బిళ్లలు కట్టినా, గడ్డలు రెండు మూడు దాటినా, చీముతో పాటు ఒకే చోట జుట్టు ఊడి మచ్చలా కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. చివరిది మాత్రం తామర ఫంగస్ కావచ్చు, దానికి నోటి మందు కావాలి. ఆలస్యమైతే అక్కడ జుట్టు మళ్లీ రాకపోవచ్చు.