కారు స్టీరియోని బ్యాటరీ చార్జర్‌తో నడపొచ్చా?

బ్యాటరీ లేకుండా నేరుగా చార్జర్‌కి కలపకండి. 12 వోల్టుల చార్జర్ ఉంది కదా, పాత కారులోంచి తీసిన స్టీరియోని దానితోనే ఇంట్లో పాడిద్దామని చాలామందికి అనిపిస్తుంది. చిక్కు ఆ 12 వోల్టులు వచ్చే తీరులోనే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాత చార్జర్లలో చాలావాటికి ఫిల్టర్ కెపాసిటర్, అంటే వోల్టేజిని నిలకడగా ఉంచే భాగం ఉండదు. కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి పడి, మళ్లీ 17, 18 వోల్టుల దాకా లేస్తుంది. మల్టీమీటర్ మాత్రం సగటు చూపించి అంతా బాగున్నట్టు నమ్మిస్తుంది. బల్బు పెట్టి చూసినా చక్కగా వెలుగుతుంది. అదే స్టీరియోకి ఇస్తే స్పీకర్లలో గుయ్‌మని మోత వస్తుంది, లోపలి ఐసీ (చిప్పు) కూడా కాలిపోవచ్చు. కారులో ఈ ఎగుడుదిగుళ్లను మింగేసేది బ్యాటరీయే. కొత్త స్మార్ట్ చార్జర్లదైతే ఇంకో తీరు, అవతల బ్యాటరీ కనిపించకపోతే వాటిలో చాలావరకు కరెంటే వదలవు.

సీసీ కెమెరాలకి, ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి వాడే 12 వోల్టుల, 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (నిలకడైన వోల్టేజి ఇచ్చే పవర్ సప్లై) కొనుక్కోండి, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. స్టీరియో పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఇవ్వాలి. పసుపు వైరు మీదున్న ఫ్యూజు తీసేయకండి.

బ్యాటరీ తీసేసి చార్జర్‌తో కారు స్టార్ట్ చేయాలన్న ఆలోచన అసలే వద్దు. స్టార్టర్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది, ఇంట్లో వాడే మామూలు చార్జర్ ఇచ్చేది పదికి అటూ ఇటూ.