ప్రింటర్ ఇంకు ప్లాన్ రద్దు చేసినా డబ్బు కట్ అవుతోంది. కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్రింటర్ శ్రీకాకుళంలో కొన్నాం. నెలకు రూ.349కి 100 పేజీల ఇంకు ప్లాన్ తీసుకున్నాం. పిల్లల ప్రాజెక్టులు, మా ఆవిడ ఇంట్లో చెప్పే ట్యూషన్ పేపర్లు కలిపినా 40 పేజీలు దాటవు. ప్లాన్ రద్దు చేశాక సగం ఇంకున్న కార్ట్రిడ్జ్ పనిచేయడం మానేసింది. పైగా మరో రెండు నెలలు కార్డు నుంచి డబ్బు పోయింది. కేసు శ్రీకాకుళంలో వేయాలా, కంపెనీ ఉన్న బెంగళూరులోనా? మేం ప్రింట్ తీసిన ఆధార్, పట్టా కాగితాలు కంపెనీ దగ్గర ఉంటాయా?

జవాబు: రెండు చోట్లకీ వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. మీ జిల్లా వినియోగదారుల కమిషన్ పర్లాకిమిడిలోనే ఉంది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. తెలుగు బిల్లులకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ట్యూషన్ వల్ల ఇది 'వాణిజ్య అవసరం' అని కంపెనీ అడ్డం తిరగవచ్చు. కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకుంటే అది వాణిజ్యం కాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది.

'మిగిలిన ఇంకు నాది' అనే వాదన మీద మాత్రం కేసు నిలబెట్టకండి. ఇలాంటి ప్లాన్లలో మీరు కొనేది ఇంకు కాదు, పేజీలు. ఒక్క అక్షరం కొట్టినా, నిండుగా రంగు ఫొటో తీసినా ఒక పేజీయే. కార్ట్రిడ్జ్ కంపెనీ ఆస్తి అని షరతుల్లో రాసి ఉంటుంది. రద్దయిన బిల్లింగ్ నెల ముగియగానే దాని చిప్‌ను ఇంటర్నెట్ ద్వారా ఆపేస్తారు. ఫొటోలు ఎక్కువ ప్రింట్ తీసేవారికి ఈ పేజీల లెక్క లాభమే. మీకు మాత్రం రూ.3.49 పడాల్సిన పేజీ రూ.8.70 దాటింది. ఈ షరతులు కొనేటప్పుడు స్పష్టంగా చెప్పకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదులో ఆ మాటతో పాటు 'సేవాలోపం' అని కూడా రాయండి. 'అన్యాయమైన ఒప్పందం' అని రాసి షరతులనే కొట్టేయమంటే విషయం కటక్‌లోని రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. చిన్న మొత్తానికి ఆ తిప్పలు వద్దు.

మీ అసలు బలం రద్దు తర్వాత పోయిన ఆ రెండు నెలల సొమ్ము. రద్దు చేసినట్టు వచ్చిన మెయిల్, తేదీ కనబడే స్క్రీన్‌షాట్, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. వైఫై తీసేస్తే ప్లాన్ రద్దు కాదు. ఖాతాలోకి వెళ్లి రద్దు చేయాలి, తర్వాత బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ అనుమతినీ తీసేయాలి. అనుమతి ఒక్కటే తీసేస్తే కంపెనీ లెక్కలో బాకీ పెరుగుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మెసేజ్ రావాలి. అది రాకపోతే బ్యాంకుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వినియోగదారులను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల (డార్క్ ప్యాటర్న్‌ల) మీద 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాల్లో, రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేసే 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కూడా నిషిద్ధమే. కేసుకు ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా డబ్బు వాపసులు ఈ దశలోనే తేలిపోతాయి.

ఇక కాగితాల సంగతి. పేజీల సంఖ్య, ఇంకు మట్టం, ప్రింటర్ మోడల్, కొన్ని కంపెనీలయితే ఫైలు పీడీఎఫా, ఫొటోనా అన్నదీ సేకరిస్తాయి. అందులో ఏముందన్నది సాధారణంగా పోదు. అయితే మొబైల్ యాప్‌తో దూరం నుంచి ప్రింట్ ఇచ్చినా, మెయిల్ చేసి ప్రింట్ తీసినా ఫైలు కంపెనీ సర్వర్ మీదుగానే వస్తుంది. ఆధార్, పట్టాలకు యూఎస్‌బీ కేబులే వాడండి. మీ సమాచారం చెరిపేయమని ఇప్పుడే రాసి అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద ఆ హక్కు 2027 మే నుంచి పూర్తిగా అమల్లోకి వస్తుంది. ఈలోగా మీరు నమ్మకంతో ఇచ్చిన వివరాలు కంపెనీ బయటపెడితే వినియోగదారుల చట్టం సెక్షన్ 2(47) కింద ఇదే కమిషన్‌లో అడగవచ్చు. ప్రింటర్ అమ్మేసేటప్పుడు ఖాతా నుంచి తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే ఇవ్వండి.