ఎలివేషన్ వ్యూ త్వరగా రావాలంటే... (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఇంటి ప్లాన్లు, ఎలివేషన్ (ఇంటి ముందు వైపు) 3డి వ్యూలు గీసే పాఠకుల ప్రశ్నలు ఈసారి చాలా వచ్చాయి. ముప్పావు వంతు ఉత్తరాల్లో ఉన్నది ఒకటే బాధ, సిస్టం స్లో అని. వాటిలో అందరికీ పనికొచ్చేవి తీసుకున్నాను. ఒక్క మాట ముందే చెబుతాను: కొత్త కంప్యూటర్ కొనే ముందు మీ మోడల్‌ని ఒకసారి విప్పి చూసుకోండి, చాలావరకు టైం తినేది అక్కడే.

ప్రశ్న: ఏలూరులో ఒక ఇంజినీరు గారి దగ్గర పని చేస్తున్నాను సార్. స్కెచ్అప్‌లో (3డి మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) జీ ప్లస్ టూ ఇల్లు చేశాను. షాడోస్ ఆన్ చేస్తే మోడల్‌ని ఇటు తిప్పినా అటు తిప్పినా ఐదారు సెకన్లు ఆగిపోతోంది. ఆఫ్ చేస్తే బొమ్మ అంతా చప్పగా ఉంది, ఏ గోడ ముందుందో ఏది వెనకుందో తెలియడం లేదు. ఓనర్ పక్కన కూర్చుని చూస్తుంటే టెన్షన్ వస్తోంది.

జవాబు: మీకు కావాల్సింది నీడ కాదు, షేడింగ్. ఈ రెండూ వేరు. ఒక గోడ ఎండకి ఏ కోణంలో ఉందో చూసి దాన్ని కాస్త వెలుగ్గానో కాస్త ముదురుగానో చూపించడం షేడింగ్, అది చాలా చిన్న లెక్క. సన్‌షేడ్ నీడ గోడ మీద ఎక్కడ పడుతుందో కనుక్కోవడం పెద్ద లెక్క, మీరు మోడల్ తిప్పిన ప్రతిసారీ ఆ భారం మళ్లీ మెషిన్ మీదే పడుతుంది. స్కెచ్అప్ షాడోస్ ప్యానెల్‌లో 'యూజ్ సన్ ఫర్ షేడింగ్' అని ఒక టిక్ ఉంటుంది చూడండి. షాడోస్ ఆఫ్ చేసి అది మాత్రం పెట్టండి. నీడలు పడవు కానీ ఎండ తగిలే గోడ తెల్లగా, పక్క గోడ ముదురుగా కనిపిస్తుంది, ఇల్లు ఇల్లులా నిలబడుతుంది. ఇన్నేళ్లుగా స్కెచ్అప్ వాడుతున్నవాళ్లలో కూడా ఆ టిక్ పెట్టనివాళ్లు చాలామందిని చూశాను.

తరవాత, రెండు సీన్లు (సెట్టింగులతో సహా సేవ్ చేసుకునే వ్యూలు) చేసుకోండి. ఒకటి 'పని', ఒకటి 'చూపు'. పని సీన్‌లో షాడోస్ ఆఫ్, టెక్స్చర్లు (గోడ మీద అంటించే రాయి, చెక్క లాంటి బొమ్మలు) లేని ఫేస్ స్టైల్, ఎడ్జ్ సెట్టింగుల్లో ప్రొఫైల్స్ (బయటి అంచుల లావు గీతలు) ఆఫ్, చెట్లూ కార్లూ ఫర్నిచరూ ఉన్న ట్యాగులు (లేయర్లు) ఆఫ్. చూపు సీన్‌లో అన్నీ ఆన్. సీన్ సేవ్ చేసేటప్పుడు కెమెరా లొకేషన్ టిక్ తీసేయడం మాత్రం మరిచిపోవద్దు. అది తీసేస్తే మీరు ఏ మూల ఉన్నా ఆ మూలనే ఉంటారు, స్టైల్ ఒక్కటే మారుతుంది. ఓనర్ గారు వచ్చినప్పుడు రోజంతా పని సీన్‌లో తిప్పి చూపించి, ఆయనకి నచ్చిన చోట ఆగాక చూపు సీన్ ఒక్క క్లిక్ చేస్తే సరిపోతుంది, ఐదు సెకన్లు పట్టినా అది ఒక్కసారే.

ఇక అసలు బరువు ఎక్కడుందో వెతకండి. విండో మెనూలో మోడల్ ఇన్ఫో, అందులో స్టాటిస్టిక్స్. అక్కడ ఎడ్జెస్ (గీతలు), ఫేసెస్ (ఆ గీతల మధ్య పలకలు) అంకెలు చూసి, ముందు పర్జ్ అన్‌యూజ్డ్ కొట్టండి. వాడి తీసేసిన సోఫాలు, మెటీరియల్స్ అన్నీ ఫైల్‌లో దాక్కుని ఉంటాయి, అవి పోతాయి. ఇలాంటి ఇంట్లో నేరస్తుడు నా అనుభవంలో ఎక్కువసార్లు బాల్కనీ స్టీల్ రెయిలింగే. స్కెచ్అప్‌లో సర్కిల్ గీస్తే మామూలుగా 24 భుజాలు వస్తాయి. అరవై నిలువు పైపులంటే ఒక్క చుట్టూ గోడలే 1,440 ఫేసులు. ప్రతి పైపు మీదా ఒక గుండు పెట్టారనుకోండి, 24 భుజాల సర్కిల్‌ని ఫాలో మీ టూల్‌తో తిప్పిన గుండు ఒక్కదానికే దాదాపు మూడు వందల ఫేసులు, అరవై గుండ్లకి 17 వేలకి పైనే! ఇల్లు మొత్తం గోడలూ స్లాబులూ కలిపినా రెండు వేలు దాటని మోడల్‌లో. రోడ్డు మీద నుంచి చూసే వ్యూలో ఆ పైపు రెండు మూడు పిక్సెళ్ల మందం కూడా ఉండదు. సర్కిల్ గీయడానికి ముందే 8 అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, ఆ పైపు 8 భుజాలతో వస్తుంది, ఎవరికీ తేడా తెలియదు. అరవై పైపులనీ ఒకే కాంపోనెంట్ కాపీలుగా పెట్టండి, ఫైల్ సైజు తగ్గుతుంది, రేపు డిజైన్ మారితే ఒక్కటి మారిస్తే అన్నీ మారతాయి. చెట్లకైతే వ్యూలో దూరంగా ఉన్నచోట, ఎప్పుడూ మనవైపే తిరిగి ఉండే 2డి చెట్లు చాలు. 3డి వేర్‌హౌస్ నుంచి దింపిన ఒక్కో చెట్టులో ఆకు ఆకుకీ ఫేస్ ఉంటుంది, దింపే ముందే పాలిగన్ల లెక్క చూడండి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉత్తరం ఫేసింగ్ ఇల్లు చేశాను. రెండర్‌లో (మోడల్ నుంచి తీసే ఫొటో లాంటి బొమ్మలో) ఎలివేషన్ మీద ఎండ బ్రహ్మాండంగా పడింది, ఓనర్‌కి నచ్చింది. ఇల్లు కట్టాక డిసెంబరులో గృహప్రవేశం అయితే, 'ఫొటోలో ఉన్న వెలుగు ఏదీ?' అని అడిగారు. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: ఈ ప్రశ్న పంపినందుకు మీకు ప్రత్యేకంగా థాంక్స్, ఇది చాలామంది చేసే తప్పు, నేనూ చేశాను. ప్లాన్ గీసేటప్పుడు మనకి అలవాటు ఏంటంటే, ఇల్లు ఎటు ఫేసింగ్ అయినా రోడ్డుని షీట్ కింది వైపు పెట్టుకుంటాం. అదే ప్లాన్‌ని స్కెచ్అప్‌లోకి దింపి లేపేస్తాం. స్కెచ్అప్‌కి మాత్రం ఆకుపచ్చ గీత పోయే వైపే ఉత్తరం, అంటే షీట్‌లో పైవైపు. కాబట్టి మీ ఉత్తరం ఇల్లు దాని లెక్కలో దక్షిణం ఇల్లు అయి కూర్చుంది, ఎండ ముందు వైపు దంచి కొట్టింది. పైగా లొకేషన్ పెట్టకపోతే స్కెచ్అప్ మామూలుగా అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ ఊరి ఎండనే చూపిస్తుంది, అది 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం. కరీంనగర్ 18.4 డిగ్రీలు. అక్కడి ఎండకీ మన ఎండకీ పోలికే లేదు.

మోడల్ ఇన్ఫోలో జియో లొకేషన్‌కి వెళ్లి మీ ఊరు పెట్టండి, టైం జోన్ 5:30 ఉందో లేదో చూడండి, తరవాత మోడల్ మొత్తం సెలెక్ట్ చేసి ఎలివేషన్ నిజమైన ఉత్తరానికి తిరిగేలా తిప్పండి. ఇప్పుడు డిసెంబరు తేదీ పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ స్లైడర్ జరిపి చూడండి, మీ ముందు గోడ మీద ఒక్క నిమిషం కూడా నేరుగా ఎండ పడదు. సెప్టెంబరు 23 నుంచి మార్చి 21 దాకా సూర్యుడు పొద్దున లేచిందగ్గర్నుంచి కుంగేదాకా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఉత్తరం గోడకి ఆ ఆరు నెలలూ నీడే. అదే మీ ఊళ్లో మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి వస్తాడు.

ఉత్తరం ఎలివేషన్‌కి ఎండతో వ్యూ కావాలంటే జూన్ 21, పొద్దున 8 గంటలు పెట్టి చూడండి. అప్పుడు సూర్యుడు తూర్పు నుంచి కాస్త ఉత్తరానికి జరిగి, సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, వెలుగు గోడని రాసుకుంటూ పక్కనుంచి పోతుంది. రాతి క్లాడింగ్ ఉంటే ప్రతి రాయి అంచూ లేచి కనిపిస్తుంది, కిటికీ పక్క ప్రొజెక్షన్ల నీడ గోడ మీద పొడుగ్గా సాగుతుంది. నిజంగా ఆ ఇంటి ముందు ఆ రోజు నిలబడితే కనిపించేదీ అదే. దానితో పాటు ఎండ లేని వ్యూ ఒకటి తప్పకుండా ఇవ్వండి. నాకు నచ్చింది సూర్యుడు కుంగాక కాసేపటికి, బాల్కనీలో లైట్లు వేసి, ఆకాశం ఇంకా కాస్త నీలంగా ఉన్నప్పుడు. ఉత్తరం ఇళ్లు ఆ వెలుగులో చాలా బాగుంటాయి. ఓనర్ జీవితమంతా దాచిన డబ్బుతో కడతారు, ఆయనకి రాని ఎండ కాగితం మీద చూపించకూడదు.

ప్రశ్న: కాంపౌండ్ గోడ మీద టైల్స్ మోడల్ తిప్పుతుంటే మినుకుమినుకుమంటున్నాయి. గ్రాఫిక్స్ కార్డ్ పోయిందా? (నంద్యాల)

జవాబు: కార్డ్‌కేం కాలేదు. ఒకే చోట రెండు ఫేసులు ఒకదానిమీద ఒకటి పడుకుని ఉన్నాయి, ఏది ముందుందో తేల్చుకోలేక ఒకసారి అది, ఒకసారి ఇది చూపిస్తోంది. ఒకటి తీసేయండి, లేదా టైల్‌ని నిజంగా గోడ మీద అంటించినట్టు 10 ఎంఎం ముందుకి లాగండి. అన్ని గోడలూ అలాగే వణుకుతుంటే మాత్రం సర్వే డ్రాయింగ్ నుంచి దింపిన మోడల్ ఆరిజిన్‌కి కిలోమీటర్ల దూరంలో పడి ఉంటుంది, దాన్ని మూడు గీతలు కలిసే చోటికి తెచ్చి పెట్టండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ మూడో ఏడు. బ్లెండర్ (3డి సాఫ్ట్‌వేర్) సైకిల్స్‌లో (దానిలోని రెండర్ ఇంజిన్) హాల్ ఇంటీరియర్ రెండర్ పెడితే రాత్రంతా తిరిగినా తెల్లారేసరికి ఇంకా చుక్కలు చుక్కలుగానే ఉంది. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వేసే కిరణాలు) 4096 పెట్టాను. ఇంకా పెంచాలా?

జవాబు: పెంచొద్దమ్మా, తగ్గించాలి. చుక్కలు సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి, టైం కూడా నాలుగు రెట్లు. 256 నుంచి 1024కి వెళ్తే చుక్కలు సగం అవుతాయి, అక్కణ్నుంచి మళ్లీ సగం కావాలంటే 4096. ఆ దారిలో పోతే తెల్లారుతూనే ఉంటుంది. 300 దగ్గర ఆపేసి డీనాయిజ్ ఆన్ చేయండి, ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ అని బ్లెండర్‌లోనే ఉంది, మిగిలిన చుక్కల్ని అది తుడిచేస్తుంది. నాయిస్ థ్రెషోల్డ్ కూడా 0.01 నుంచి 0.05కి మార్చి చూడండి, గోడ లాంటి సులువైన చోట్ల తొందరగా ఆగి కష్టమైన మూలల మీదే పని చేస్తుంది.

చుక్కలు ఎందుకు వస్తున్నాయో కూడా చూడాలి. హాల్లోకి వెలుగు ఒక్క కిటికీ లోంచే వస్తోంది కదా, ఆ కిటికీని కిరణాలు గుడ్డిగా వెతుక్కుంటున్నాయి. కిటికీ సైజులో ఏరియా లైట్ పెట్టి పోర్టల్ అని టిక్ పెడితే, బయటి ఆకాశం వెలుగు ఇటునుంచి వస్తుందని దానికి తెలుస్తుంది. కిటికీ అద్దం దగ్గరగా కనబడని వ్యూ అయితే ఆ అద్దాన్ని దాచేయండి, అద్దంలోంచి వచ్చే ఎండ సైకిల్స్‌కి చాలా కష్టం. కాస్టిక్స్ (అద్దం, మెరిసే లోహం వల్ల గుమిగూడి పడే వెలుగు మచ్చలు) సెట్టింగులు రెండూ ఆఫ్ చేయండి. గోడ తెలుపు 255 ఉంటే వెలుగు ఎన్ని గోడలు తగిలినా చావదు, బొమ్మ తెల్లబోతుంది కూడా. నిజమైన సున్నం గోడ కూడా మీద పడిన వెలుగంతా వెనక్కి ఇవ్వదు కదా, 200 నుంచి 220 మధ్య పెట్టండి.

ఇంకొకటి, ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కార్డ్ టిక్ చేశారు సరే, రెండర్ ప్రాపర్టీస్‌లో డివైస్ దగ్గర కూడా జీపీయూ కంప్యూట్ ఉందా? ఈ రెండో చోటు మరిచిపోయి ప్రాసెసర్ మీదే రాత్రంతా నడిపిన పిల్లల్ని ఎంతమందిని చూశానో. టెస్ట్ రెండర్లు 25 శాతం సైజులో చేయండి, పిక్సెళ్లు పదహారో వంతే కాబట్టి టైం కూడా దాదాపు అంతే. ముందు అన్నిటికీ ఒకే బూడిద రంగు మెటీరియల్ వేసి వెలుగు సరిచూసుకుని, ఆ తరవాతే టెక్స్చర్లు. సోఫా రంగు ఒక్కటే మారిస్తే బొమ్మంతా మళ్లీ ఎందుకు? కెమెరా వ్యూలో కంట్రోల్ బి కొట్టి సోఫా చుట్టూ డబ్బా గీస్తే అంతవరకే రెండర్ అవుతుంది.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డ్ మార్చమని షాపువాళ్లు అంటున్నారు. అప్పు చేసి కొనమంటారా? స్కెచ్అప్, వీ-రే (రెండర్ చేసే సాఫ్ట్‌వేర్) వాడతాను, 4 జీబీ కార్డ్. (తిరుపతి)

జవాబు: అప్పు చేసే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకుని అరగంట పని చేయండి. స్కెచ్అప్‌లో ఆగిపోయినప్పుడు సీపీయూ 8 శాతమే చూపిస్తుంటే, 'ఇంకా 92 శాతం ఖాళీ' అనుకోకండి. మీది 12 థ్రెడ్‌ల (ఒకేసారి నడిచే పని వరసల) ప్రాసెసర్ అయితే 8 శాతం అంటే ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయిందని అర్థం. మోడలింగ్ పని చాలావరకు ఒక్క థ్రెడ్ మీదే నడుస్తుంది, దానికి కొత్త కార్డ్ సాయం చేయదు, మోడల్ తగ్గించుకోవాలి. వీ-రేని సీపీయూ మీద నడుపుతున్నా అంతే, కార్డ్ మార్చి లాభం లేదు. జీపీయూ మీద నడుపుతూ, డెడికేటెడ్ మెమరీ 4 జీబీ నిండి ఆగిపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

అప్పుడు కూడా ముందు టెక్స్చర్లు చూడండి. జేపీజీ ఫైల్ 3 ఎంబీయే కదా అనిపిస్తుంది, కార్డ్‌లోకి వెళ్లేసరికి అది విచ్చుకుంటుంది. 4096 బై 4096 బొమ్మ ఒక్కటి 64 ఎంబీ తింటుంది. 1024 అయితే 4 ఎంబీ. దూరంగా ఉన్న పక్కింటి గోడకి, కాంపౌండ్ లోపలి గడ్డికి 4కే టెక్స్చర్ ఎందుకు? ముందు కనిపించే క్లాడింగ్‌కి, మెయిన్ డోర్ టేకుకి ఉంచండి, మిగిలినవన్నీ తగ్గించండి. చెట్లని వీ-రే ప్రాక్సీ (అసలు మోడల్ బయటి ఫైల్‌లో ఉండి, రెండర్ అప్పుడే లోడ్ అయ్యే తేలిక రూపం) చేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే రెండర్ చేయండి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ దగ్గర స్కెచ్అప్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. ఇవన్నీ చేసి పది రోజులు చూసి, అప్పటికీ నిండుతుంటే కొనండి, ఈసారి మెమరీ ఎక్కువున్నది చూసుకుని.

ప్రశ్న: సైట్ దగ్గర పెట్టే పది అడుగుల ఫ్లెక్స్‌కి ఎంత సైజు రెండర్ ఇవ్వాలి? ప్రింటింగ్ షాపులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అడిగారు. (ఖమ్మం)

జవాబు: పది అడుగులంటే 120 అంగుళాలు, 300 డీపీఐ అంటే 36,000 పిక్సెళ్ల వెడల్పు. అంత అక్కర్లేదు. 300 అనేది చేతిలో పట్టుకుని చూసే కాగితానికి, ఏ4కి 2480 బై 3508. ఫ్లెక్స్‌ని రోడ్డు అవతల నుంచి చూస్తారు, 40 డీపీఐ చాలు, 4,800 పిక్సెళ్లు. షాపు ఆయనకి పాత ఫ్లెక్స్ ఫైల్ ఏదైనా తెరిచి సైజు చూపించమనండి, అందులో ఎంత ఉందో ఆయనే చూస్తారు.